గంధకం లెక్క



మా రసాయనశాస్త్రం మాస్టారి పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచి, దేని మీద మాట్లాడతారని అడిగితే గంధకం మీద అన్నాను. ఈ హాల్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఎందుకో వాళ్లకు చెప్పనక్కర్లేదు. బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో సల్ఫేటును బేరియం సల్ఫేట్‌గా దింపి తూచే ప్రయోగాన్ని ఆయన చేయించిన తీరు ఎవరికీ మరపురాదు. మరుగుతున్న ద్రావణంలోకి బేరియం క్లోరైడ్ చుక్కచుక్కగా జారాలి. తెల్లటి అవక్షేపం అడుక్కి దిగేదాకా ఓపిక పట్టాలి. వడకట్టాలి, క్లోరైడ్ జాడ పోయేదాకా కడగాలి, మూసలో కాల్చాలి, డెసికేటర్‌లో చల్లార్చాలి, తూచాలి. మళ్లీ కాల్చాలి, మళ్లీ చల్లార్చాలి, మళ్లీ తూచాలి. రెండు తూకాలూ కలిసేదాకా రికార్డు పుస్తకంలో అంకె వెయ్యనిచ్చేవారు కాదు. పెట్టిన గంధకం ఎంత, తేలిన గంధకం ఎంత, తేడా ఎక్కడికి పోయింది అని అడిగేవారు. సరిగ్గా వచ్చిన విద్యార్థినీ అడిగేవారు, తప్పు వచ్చిన విద్యార్థినీ అడిగేవారు.

లిథియం–సల్ఫర్ బ్యాటరీ మీద ప్రపంచంలో ఎక్కడ ఎవరు పనిచేస్తున్నా ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నారని నా నమ్మకం. ఆ బ్యాటరీ ఎందుకు తొందరగా నీరసించిపోతుంది, కాథోడ్‌లో మార్పులు చేస్తే ఎందుకు ఎక్కువకాలం మన్నుతుంది అన్నవి రెండూ గంధకం పద్దులోనే తేలాలి. ఈ సాయంత్రం ఆ పద్దు మీ ముందు విప్పుదామని వచ్చాను.

ముందు సరుకు సంగతి. దీపావళి మందుల్లో, అగ్గిపుల్ల తలలో, గజ్జి మందులో చూసిన ఆ పసుప్పచ్చ పొడి ఇవాళ ఎక్కువగా వచ్చేది చమురు శుద్ధి కర్మాగారాల నుంచి. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే పెట్రోలు, డీజిళ్లలో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు మించకూడదు. అంతకుముందు 50 పాళ్ల దాకా ఉండనిచ్చేవారు. తీసేసిన గంధకం ఎక్కడికో పోదు. విశాఖపట్నం రిఫైనరీలోనైనా మరెక్కడైనా హైడ్రోజన్‌తో దాన్ని చమురులోంచి లాగి, హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి, క్లాజ్ పద్ధతిలో మళ్లీ గంధకంగా రాబడతారు. అందులో ఎక్కువ భాగం సల్ఫ్యూరిక్ ఆమ్లానికీ, ఎరువులకూ పోతుంది. కోబాల్ట్ కోసం కాంగో గనుల వైపు చూడాల్సిన పరిశ్రమకు, మన సముద్రతీరంలోనే కుప్పలుగా పడివుండే ఈ సరుకు మీద ఆశ పుట్టడంలో వింత లేదు.

ఆశకు అంతకంటే పెద్ద కారణం బరువు. ఒక గ్రాము గంధకం పూర్తిగా లిథియం సల్ఫైడ్‌గా మారితే 1675 మిల్లీ ఆంపియర్-గంటల ఆవేశం పుచ్చుకుంటుంది. ఫోన్లలో ఉండే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అందులో పదోవంతు దగ్గరే ఆగిపోతుంది. వోల్టేజి తక్కువే, సగటున 2.1 వోల్టులు. అయినా లిథియాన్నీ గంధకాన్నీ మాత్రమే తూచి లెక్క కడితే కిలోకు 2500 వాట్-గంటలు దాటుతుంది. ఇవాళ బజార్లో దొరికే మంచి లిథియం-అయాన్ సెల్ కిలోకు 250 నుంచి 300 వాట్-గంటలు ఇస్తుంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలామంది ఉపన్యాసం ముగిస్తారు. ఆ రెంటి మధ్య ఉన్న దూరం ఎలా కరిగిపోతుందో చెప్పడమే నా పని.

గంధకాన్ని ధనధ్రువంగా వాడవచ్చని హెర్బర్ట్, ఉలమ్ అనే ఇద్దరు 1962లోనే పేటెంటు తీసుకున్నారు. లిథియం-అయాన్ బ్యాటరీని సోనీ బజారులోకి తెచ్చింది 1991లో. ముందు పుట్టినది వెనకబడిపోయిందంటే కారణం ఉండాలి. ఆ కారణం సెల్ లోపల జరిగే పనిలోనే ఉంది.

గంధకం అణువు ఎనిమిది పరమాణువుల వలయం. సెల్ డిశ్చార్జ్ అవుతుంటే లిథియం వచ్చి ఆ వలయాన్ని తెంపుతుంది. ఎనిమిది గంధకాల గొలుసుకు రెండు చివరలా లిథియం అంటుకుంటుంది. ఆ గొలుసు ఆరుకూ, నాలుగుకూ చీలుతుంది. వీటినే పాలీసల్ఫైడ్‌లంటాం. 2.3 వోల్టుల దగ్గర జరిగే ఈ మొదటి అంకంలో మొత్తం సామర్థ్యంలో పావు వంతే వస్తుంది. తర్వాత 2.1 వోల్టుల దగ్గర నాలుగు గంధకాల గొలుసు ఇంకా తెగి, చివరికి లిథియం సల్ఫైడ్‌గా గట్టిపడుతుంది. మిగిలిన ముప్పావు వంతూ ఇక్కడే. మొదటా చివరా ఘనపదార్థాలు, మధ్యలో మాత్రం ఈథర్ ఎలక్ట్రోలైట్‌లో చక్కగా కరిగిపోయే పాలీసల్ఫైడ్‌లు. లిథియం-అయాన్ సెల్‌లో ధనధ్రువం తన చోట తాను కదలకుండా ఉంటుంది, అయాన్లు మాత్రమే వచ్చిపోతాయి. ఇక్కడ ధనధ్రువమే కరిగి, ఈది, మళ్లీ ఎక్కడో ఒకచోట గడ్డకడుతుంది. ఎక్కడ గడ్డకడుతుందన్నదే బ్యాటరీ ఆయుష్షు.

గంధకానికి విద్యుత్తు పారదు. లిథియం సల్ఫైడ్‌కూ అంతే. పైగా గంధకం లిథియం సల్ఫైడ్‌గా మారేసరికి దాదాపు 80 శాతం ఉబ్బుతుంది. చార్జింగ్‌లో మళ్లీ కుదించుకుపోతుంది. అయినా ఈ రెండు తిప్పల్నీ మించినది మూడోది. కరిగిన పొడవాటి గొలుసులు సెపరేటర్ దాటి లిథియం రేకు దగ్గరికి వెళతాయి. అక్కడ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని పొట్టివవుతాయి. వెనక్కి వచ్చి కాథోడ్ దగ్గర మళ్లీ పొడవవుతాయి. మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడినట్టు ఇది ఆడుతూనే ఉంటుంది, గుడ్డ మాత్రం నేయబడదు. చార్జర్ కరెంటు పంపుతూనే ఉంటుంది, సెల్ నిండదు. ఈ ఆటకు గణితం కట్టి 2004లో పత్రం రాసినవాళ్లు మిఖైలిక్, అక్రిడ్జ్. ఇద్దరూ అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం టుసాన్‌లోని సయాన్ పవర్ సంస్థవాళ్లు. పాలీసల్ఫైడ్‌లు లిథియం దగ్గర ఎంత వేగంగా తగ్గుతాయి, చార్జింగ్ కరెంటు ఎంత అన్న నిష్పత్తిని బట్టి సెల్ ఎప్పటికైనా నిండుతుందో లేదో చెప్పవచ్చని వాళ్లు చూపించారు.

అలసిపోయిన సెల్‌ను గ్లోవ్‌బాక్స్‌లో కోసి చూస్తే ఇదంతా కళ్లకే కనిపిస్తుంది. తెల్లగా ఉండాల్సిన సెపరేటర్ పసుపూ గోధుమా కలిసిన రంగుకు తిరిగి ఉంటుంది. మిలమిలలాడాల్సిన లిథియం రేకు మీద బూడిద రంగు పొర పేరుకుని, గీకితే పొట్టులా రాలుతుంది. ఆ పొట్టులో ఉన్న గంధకం కాథోడ్ ఖాతాలోంచి పోయినదే. అది మళ్లీ ఆ ఖాతాలోకి జమ కాదు.

ఇక కాథోడ్. 2009లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం నుంచి షియులే జీ, క్యూ తే లీ, లిండా నజర్ నేచర్ మెటీరియల్స్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. నిద్రపోతున్న ఈ రంగాన్ని తట్టిలేపిన పత్రమది. సన్నని కర్బన కడ్డీలు వరసగా పేర్చినట్టుండి, వాటి మధ్య 3, 4 నానోమీటర్ల సందులున్న సీఎంకే-3 అనే కర్బనాన్ని తీసుకున్నారు. దాన్ని గంధకంతో నూరి 155 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచారు. గంధకం కరిగి సందుల్లోకి పీల్చుకుపోయింది. గ్రాము గంధకానికి 1320 మిల్లీ ఆంపియర్-గంటల దాకా వచ్చింది.

ఈ 155 గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ఇంటర్మీడియట్ పాఠమే. గంధకం 115, 119 డిగ్రీల మధ్య కరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ మామూలు ద్రవాల్లాగే పలచబడుతుంది. 159 దాటగానే వలయాలు తెగి, ఒకదానికొకటి ముడిపడి పొడవాటి గొలుసులవుతాయి. ద్రవం ఉన్నట్టుండి పాకంలా చిక్కబడుతుంది. అందుకని అన్నిటికంటే పలచగా ఉండే చోటు 155 దగ్గర. గంధకం నానోమీటర్ల సందుల్లోకి దూరాలంటే ఆ నాలుగు డిగ్రీల తేడాను గౌరవించాలి. ప్రయోగశాలలో దీన్ని చేసినవాళ్లకు తెలుసు. కల్వంలో ఎంత నూరినా నల్లపొడిలో పసుపు నలకలు కనబడుతూనే ఉంటాయి. మూత బిగించిన పాత్రలో పెట్టి రాత్రంతా ఓవెన్‌లో ఉంచి తీస్తే పసుపు ఛాయ ఉండదు. బరువు మాత్రం తగ్గకూడదు. తగ్గిందంటే మూత సందులోంచి గంధకం ఆవిరై పోయిందన్నమాట. తర్వాత ఆ పొడిని బైండర్‌తో కలిపి, ముద్ద చేసి, అల్యూమినియం రేకు మీద పూసి ఆరబెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త. లిథియం-అయాన్ ఎలక్ట్రోడ్‌లను వంద డిగ్రీలు దాటించి వాక్యూమ్‌లో ఆరబెట్టే అలవాటున్న చెయ్యి ఇక్కడ కూడా అలాగే చేస్తే సరుకు పంపులోకి పోతుంది. 60 డిగ్రీలు చాలు. ఆరిన తర్వాత రేకును మళ్లీ తూచకుండా, ముద్దలో వేసిన గంధకాన్నే లెక్కలో రాసేవాళ్లున్నారు. ఆ ఒక్క అంకె తప్పితే దాని మీద కట్టిన గ్రాఫులన్నీ తప్పే.

కర్బనం సందుల్లో దాచడంతో కథ ముగియలేదు. పాలీసల్ఫైడ్‌కు రెండు చివరలా ఆవేశం ఉంటుంది. కర్బనం తలానికి అలాంటి ధ్రువత్వం లేదు. వాటి మధ్య పట్టు తక్కువ. కొన్ని పదుల సైకిళ్లు దాటేసరికి గంధకం సందుల్లోంచి బయటికి జారుకుంటుంది. దాంతో ధ్రువత్వం ఉన్న తలాల కోసం వేట మొదలైంది. అందులో నాకు ఇష్టమైనవి రెండు.

మొదటిది స్టాన్‌ఫర్డ్‌లో యీ చ్వీ బృందం 2013లో చేసినది. గంధకం గుళికల మీద టైటానియం డయాక్సైడ్ పెంకు కట్టారు. తర్వాత టోల్యూన్‌తో లోపలి గంధకాన్ని కొంత కరిగించి తీసేశారు. పెంకు లోపల ఖాళీ మిగిలింది. గంధకం ఉబ్బినా పెంకు పగలదు, పాలీసల్ఫైడ్ బయటికి పోదు. వెయ్యి సైకిళ్లకు, సైకిల్‌కు 0.033 శాతం తరుగుదలతో పనిచేసిందని చూపించారు. ఉబ్బుదలకు చోటు ముందే వదిలిపెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే అందరికీ అబ్బింది.

రెండోది మళ్లీ నజర్ బృందమే, 2015లో. మాంగనీస్ డయాక్సైడ్ పలచటి రేకుల మీద గంధకం పెట్టారు. ఆ ఆక్సైడ్ తలం పాలీసల్ఫైడ్‌ను ఊరికే అంటిపెట్టుకోదు, దానితో చర్య జరిపి దాన్ని థయోసల్ఫేట్‌గా మారుస్తుంది. తర్వాత వచ్చిన పొడవాటి పాలీసల్ఫైడ్‌ను ఆ థయోసల్ఫేట్ పట్టుకుని, దాని మధ్య గంధకాలను తనలో కలుపుకుని పాలీథయోనేట్ అవుతుంది. మిగిలిన పొట్టి ముక్క లిథియం సల్ఫైడ్ వైపు వెళుతుంది. అయోడిన్ టైట్రేషన్‌లో హైపో వాడి, చివర్లో స్టార్చ్ నీలం మాయమవడం చూసినవాళ్లే మీరంతా. ఆ ఫ్లాస్కులో థయోసల్ఫేట్ టెట్రాథయోనేట్‌గా మారుతుంది. అదే కుటుంబపు రసాయనం బ్యాటరీ కాథోడ్ తలం మీద కాపలాదారు పని చేస్తోందంటే, మన బి.ఎస్సీ. పాఠాలు ఎక్కడి దాకా వెళతాయో చూడండి. ఆ కాథోడ్ 2000 సైకిళ్లకు సైకిల్‌కు 0.036 శాతం తరుగుదల చూపింది.

ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్న అరుముగం మంథిరాం, తమిళనాడు నుంచి వెళ్లినాయన, దీన్ని మరోవైపు నుంచి పట్టుకున్నారు. లిథియం-అయాన్ బ్యాటరీ మీద చేసిన పనికి 2019లో గుడ్‌ఇనఫ్‌కు నోబెల్ వచ్చినప్పుడు ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది కూడా ఈయనే. కాథోడ్‌కూ సెపరేటర్‌కూ మధ్య సన్నని రంధ్రాల కర్బన కాగితం ఒకటి పెడితే, జారిపోయిన గంధకం అక్కడ ఆగి మళ్లీ పనికొస్తుందని సూ అనే విద్యార్థితో కలిసి 2012లో చూపించారు. ఎంతో తేలికైన ఉపాయం. కానీ ఆ కాగితం బరువు కూడా సెల్ మొయ్యాలి.

2016 నాటికి ఆలోచన మరో మెట్టెక్కింది. పాలీసల్ఫైడ్‌ను పట్టుకుని కూర్చోబెట్టడం కంటే, అది తొందరగా లిథియం సల్ఫైడ్‌గా మారిపోయేలా చేస్తే దారితప్పే సమయమే ఉండదు కదా? చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో చియాంగ్ ఝాంగ్ బృందం కోబాల్ట్ సల్ఫైడ్‌ను గ్రాఫీన్‌తో కలిపి అలాంటి ఉత్ప్రేరకంగా వాడింది. తర్వాత నైట్రైడ్‌లు, విడివిడి కోబాల్ట్, ఇనుము పరమాణువులు నాటిన కర్బనాలు వరసగా వచ్చాయి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తలం పాలీసల్ఫైడ్‌ను మరీ గట్టిగా పట్టుకుంటే అది అక్కడే ఇరుక్కుపోయి తలాన్ని మూసేస్తుంది. మరీ వదులైతే జారిపోతుంది. పట్టు మధ్యస్థంగా ఉండాలి.

నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పాలి. కరగడాన్ని పూర్తిగా ఆపేయాలని చాలా పత్రాలు మొదటి పేరాలోనే ప్రతిజ్ఞ చేస్తాయి. కానీ కరగకపోతే గంధకం ముద్ద పైపొర మాత్రమే పనిచేసి ఆగిపోతుంది, లోపలిది కరెంటు అందక అలాగే ఉండిపోతుంది. గంధకం కరుగుతుంది కనుకనే దానికి కర్బనం తలం మీద ప్రతి మూలా అందుతోంది. కాబట్టి కాథోడ్ చేయాల్సింది గంధకాన్ని జైల్లో పెట్టడం కాదు, బయలుదేరిన చోటికి తిరిగి చేర్చడం. ఆ దృష్టితో చూస్తే నాకు పెంకుల కంటే ఉత్ప్రేరక తలాలు, వాటికంటే కూడా బైండర్ పని ముఖ్యమనిపిస్తాయి.

బైండర్ అంటే పొడినీ రేకునూ పట్టి ఉంచే జిగురు. పరిమాణంలో చిన్న భాగం, పేరు కూడా ఎవరూ తలవరు. పాత పీవీడీఎఫ్ జిగురు గంధకం రేణువుల చుట్టూ పొరలా కప్పేస్తుంది. 80 శాతం ఉబ్బి, కుదించుకునే సరుకును అలా కట్టేస్తే మందపాటి ఎలక్ట్రోడ్ బీటలు వారుతుంది. ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయం నుంచి మహదొఖ్త్ షైబానీ, మైనాక్ మజుందార్ బృందం 2020లో దీన్ని తిప్పికట్టింది. నీళ్లలో కరిగే సెల్యులోజ్ బైండర్‌ను అతి తక్కువగా, రేణువుకూ రేణువుకూ మధ్య వంతెనల్లా మాత్రమే పడేటట్టు కలిపారు. మిగతా చోటంతా గంధకం ఊపిరి పీల్చుకోవడానికి వదిలేశారు. మందంగా గంధకం వేసిన కాథోడ్‌లు కూడా 200 సైకిళ్లకు పైగా నిలిచాయి. మరుసటి ఏడాది వాళ్లే బైండర్‌లో గ్లూకోజ్ కలిపారు. ఆ ఆలోచన వచ్చింది భూరసాయన శాస్త్రం నుంచి. భూమి పొరల్లో చక్కెర జాతి పదార్థాలు సల్ఫైడ్‌లతో గట్టి బంధాలు కట్టుకుని చెడిపోకుండా నిలుస్తాయని 1988 నాటి నివేదిక ఒకటి చెప్పింది. అది చదివినవాళ్లు బ్యాటరీలో ఆ పని చేయించారు. సెల్ వెయ్యి సైకిళ్ల తర్వాత కూడా గ్రాముకు 700 మిల్లీ ఆంపియర్-గంటల దగ్గర నిలిచింది. ఖరీదైన లోహం లేదు, కొలిమి లేదు. ఇలాంటి పని చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

గంధకాన్ని రసాయన బంధంతోనే కట్టేసే దారి ఒకటి వేరుగా ఉంది. 2002లో జియులిన్ వాంగ్ బృందం పాలీయాక్రిలోనైట్రైల్ అనే పాలిమర్‌ను గంధకంతో కలిపి 300 డిగ్రీల దరిదాపుల్లో కాల్చింది. పొగతో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. కిప్ పరికరం ఉన్న ల్యాబులో చదివినవాళ్లకు ఆ వాసన వర్ణించక్కర్లేదు. మిగిలిన నల్లపొడిలో గంధకం పాలిమర్‌కు పొట్టి గొలుసులుగా అతుక్కుని ఉంటుంది. కరిగే పాలీసల్ఫైడ్‌లు దాదాపు పుట్టవు. మామూలు లిథియం-అయాన్ సెల్‌లో వాడే కార్బొనేట్ ఎలక్ట్రోలైట్‌తోనే వందల సైకిళ్లు నడుస్తుంది. బదులుగా చెల్లించేది, పొడిలో గంధకం సగం కూడా ఉండదు, వోల్టేజి కూడా కొంత తగ్గుతుంది. పద్దులో ఆయుష్షు పెరిగితే బరువు వైపు ఖర్చు రాసుకోవాలి.

2013లో ఆరిజోనా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ప్యూన్ బృందం దీన్నే తలకిందులు చేసింది. గంధకాన్ని 185 డిగ్రీల దాకా వేడిచేసి, వలయాలు తెగి గొలుసులైనప్పుడు ద్విబంధాలున్న కర్బన రసాయనాన్ని కొద్దిగా వేశారు. రబ్బరుకు కొంచెం గంధకం కలిపితే వల్కనీకరణం. ఇక్కడ గంధకానికి కొంచెం కర్బనం కలిపారు. వచ్చిన పాలిమర్‌లో అధికభాగం గంధకమే. మన దేశంలో శివ్ నాడార్ విశ్వవిద్యాలయం నుంచి బిమలేశ్ లోచబ్, ఐఐటీ బొంబాయి నుంచి సాగర్ మిత్రా కలిసి ఆ ద్విబంధాల కోసం జీడితొక్క నూనెలోని కార్డనాల్‌ను, లవంగ నూనెలోని యూజినాల్‌ను ఎంచుకున్నారు. ఈ మాట వినగానే శ్రీకాకుళం వాళ్లకు పలాస గుర్తుకు రావాలి. అక్కడ జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడి చర్మం ఊడేది ఆ తొక్క నూనెకే. అందులోంచి వచ్చే కార్డనాల్‌కు ఫీనాల్ తల, ద్విబంధాలున్న పొడవాటి తోక ఉంటాయి. తోకలోని ద్విబంధాలకు గంధకం గొలుసులు అతుక్కుంటాయి. విశాఖ రిఫైనరీ గంధకం, పలాస జీడితొక్క. రెండింటి మధ్యా దూరం రెండు వందల కిలోమీటర్ల లోపే. ఈ రెంటినీ కలిపి పాలిమర్ చేసి, అందులో గంధకం శాతం ఎంతో తేల్చడానికి గ్లోవ్‌బాక్స్ కూడా అక్కర్లేదు. డిగ్రీ కళాశాలల్లో రసాయనశాస్త్రం చెప్పే మిత్రులు దీన్ని ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా పెట్టాలని ఈ వేదిక మీంచి అడుగుతున్నాను. సరిగ్గా వాయువులు పోయే హుడ్, చేతులకు గ్లోవ్స్ మాత్రం తప్పనిసరి.

2022లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం నుంచి విభా కల్రా బృందం ఒక విచిత్రం చూసింది. కర్బన నానో పోగుల్లోకి గంధకాన్ని ఆవిరిగా పంపితే, మామూలుగా గది వేడి దగ్గర నిలవని గామా మోనోక్లినిక్ రూపం నిలిచిపోయింది. కార్బొనేట్ ఎలక్ట్రోలైట్‌లో 4000 సైకిళ్లు నడిచింది. వాళ్లు దాన్ని వెతుక్కుంటూ పోలేదు, దొరికింది. దొరికినదాన్ని దులిపేసుకోకుండా ఏడాదికి పైగా సైకిల్ చేస్తూ కూర్చోవడం వాళ్ల గొప్ప.

ఇన్ని మంచి పత్రాలుండగా బ్యాటరీ ఎక్కడ అన్నది న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు పద్దు రెండో పేజీ తిప్పాలి.

సైకిల్‌కు 0.05 శాతం తరుగుదల అంటే వినడానికి ఏమీ లేనట్టుంటుంది. వెయ్యి సైకిళ్లు హెచ్చవేస్తే మిగిలేది 60 శాతం. 80 శాతానికి పడిపోగానే బ్యాటరీ ఆయుష్షు తీరిందని పరిశ్రమ లెక్క. ఆ గీత దాటేది దాదాపు 450 సైకిళ్ల దగ్గర. శాతం రాసినవాళ్లు ఈ గుణకారం కూడా చేసి చూపాలి.

దానికంటే పెద్దది ఎలక్ట్రోలైట్. ప్రయోగశాల నాణెం సెల్‌లో మిల్లీగ్రాము గంధకానికి 10 మైక్రోలీటర్లు, కొన్నిసార్లు 20 కూడా పోస్తారు. 10 అనే అనుకుందాం. ఒక గ్రాము గంధకానికి 10 మిల్లీలీటర్లు, బరువు సుమారు 11 గ్రాములు. గంధకం గ్రాముకు 1200 మిల్లీ ఆంపియర్-గంటలు ఇచ్చిందనుకుంటే, 2.1 వోల్టుల దగ్గర రమారమి 2.5 వాట్-గంటలు. గంధకం, ద్రవం కలిపి 12 గ్రాములు. భాగిస్తే కిలోకు 210 వాట్-గంటలు. ఇంకా లిథియం వెయ్యలేదు, కర్బనం వెయ్యలేదు, రేకులూ సంచీ తూచలేదు. అప్పటికే మామూలు లిథియం-అయాన్ సెల్ ముందు ఓడిపోయాం. ద్రవాన్ని 3 మైక్రోలీటర్లకు దించితే అదే లెక్క 580కి ఎగబాకుతుంది. అంటే కిలోకు 2500 అనే కలలో అధికభాగాన్ని మింగేది ఎలక్ట్రోలైటే. కానీ ద్రవం తగ్గించగానే అదే పాలీసల్ఫైడ్‌లు చిక్కగా పేరుకుంటాయి, అయాన్ల నడక మందగిస్తుంది, పుష్కలమైన ద్రవంలో వెయ్యి సైకిళ్లు నడిచిన కాథోడ్ యాభైకే చతికిలపడవచ్చు. సందులు ఎక్కువగా ఉన్న కర్బనమైతే ఆ సందులు నింపడానికే ఇంకా ఎక్కువ ద్రవం తాగుతుంది. 2009లో మనల్ని రక్షించిన గుణమే ఇక్కడ భారం.

మందం సంగతి కూడా అంతే. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము గంధకం పూసిన పలచటి కాథోడ్ ఏ పరీక్షలోనైనా నెగ్గుతుంది. వోల్టేజి తక్కువ కనుక లిథియం-అయాన్‌తో సమానంగా నిలవాలంటే చదరపు సెంటీమీటరుకు 5, 6 మిల్లీ ఆంపియర్-గంటలైనా ఉండాలి, అంటే గంధకం 5 మిల్లీగ్రాములు. పైగా నాణెం సెల్‌లో ఎదురుగా పెట్టే లిథియం బిళ్ల దాదాపు అర మిల్లీమీటరు మందం. ఒక మిల్లీగ్రాము గంధకానికి కావలసిన లిథియానికి అది దాదాపు అరవై రెట్లు. ప్రతి సైకిల్‌లోనూ లిథియం కొంత పాడైపోతున్నా, గోదాములో నిల్వ ఎక్కువ కనుక బయటికి తెలియదు. దానికితోడు ఎలక్ట్రోలైట్‌లో లిథియం నైట్రేట్ కలుపుతారు. అది లిథియం మీద రక్షణ పొర కట్టి నాడె ఆటను చాలా వరకు ఆపుతుంది. అది ఖర్చయిపోయే సరుకు, ఎప్పటికీ ఉండదు. కాథోడ్ గొప్పతనం వల్లే సెల్ నిలిచిందని చెప్పేవాళ్లు, నైట్రేట్ లేకుండా కూడా ఒకసారి నడిపి చూపాలని నేను పత్రాలు సమీక్షించినప్పుడల్లా అడుగుతాను.

ఇక ప్రయోగశాల బయటి సంగతి. 2010 జులైలో ఆరిజోనాలోని యూమా మీద జెఫిర్ అనే సౌర విమానం, మనిషి లేకుండా, 14 రోజుల 22 నిమిషాలు దిగకుండా ఎగిరింది. బ్రిటన్‌కు చెందిన కైనెటిక్ సంస్థ చేసిన విమానం, సయాన్ పవర్ ఇచ్చిన లిథియం–సల్ఫర్ బ్యాటరీలు. పగలు సూర్యుడితో నింపుకుని, రాత్రి వాటితో ఎగిరింది. రోజుకొక సైకిల్. ప్రపంచ రికార్డుకు బ్యాటరీ చేయాల్సి వచ్చింది పద్నాలుగు సైకిళ్లే. బరువే ప్రాణమైన చోట ఈ బ్యాటరీ విలువ ఆనాడే రుజువైంది. ఇంకోవైపు, ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్‌లో ఏళ్ల తరబడి ఈ బ్యాటరీ కోసం శ్రమించి, కిలోకు 400 వాట్-గంటలు దాటిన సెల్‌లు ప్రకటించిన ఆక్సిస్ ఎనర్జీ 2021లో డబ్బు అందక మూతపడింది. శక్తి సాంద్రత, సైకిళ్లు రెండూ ఒకే సెల్‌లో కుదిరేదాకా ఈ రంగంలో పెట్టుబడికి ఓపిక ఉండదు.

ఈ మధ్య ఒక ఎం.ఎస్సీ. విద్యార్థిని నన్నడిగింది, ఇది మా స్కూటీలోకి ఎప్పుడొస్తుంది సార్ అని. ముందుగా స్కూటీలోకి రాదమ్మా అన్నాను. గంధకం తేలిక, కానీ చోటు ఎక్కువ తింటుంది. దాని సాంద్రత 2 దగ్గరుంటే కోబాల్ట్ ఆక్సైడ్‌ది 5 దగ్గర. సీటు కింద చోటు కొలిచి ఇచ్చే వాహనానికి అది కష్టం. ముందు ఎత్తున ఎగిరే విమానాలకు, డ్రోన్లకు వస్తుంది. అక్కడ చోటు కంటే బరువు ఖరీదు, కొన్ని వందల సైకిళ్లు చాలు. మరైతే ఏ కాథోడ్ మీద పనిచెయ్యమంటారు అంది. వంతెనలా పట్టే బైండర్, గంధకం ఎక్కువగా ఉండే పాలిమర్, ద్రవం తక్కువ తాగే దట్టమైన కర్బనం, ఈ మూడింటినీ కలిపి చూడమన్నాను. వెయ్యి సైకిళ్ల గ్రాఫు నాకు ముందే అక్కర్లేదు. చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీగ్రాముల గంధకం, మిల్లీగ్రాముకు 3 మైక్రోలీటర్ల ద్రవం, ఎదురుగా పలచటి లిథియం, నాణెం కాకుండా సంచీ సెల్. అందులో 300 సైకిళ్లు నడిపించి, చివర్లో సెల్ కోసి, గంధకం ఎక్కడెక్కడ ఎంత ఉందో తూచి తీసుకురమ్మన్నాను.